సిమెంటు గోడల చర్చిలో ఆర్ట్ గ్యాలరీ: బెర్లిన్ సెయింట్ ఆగ్నెస్

[దృశ్యం: బూడిదరంగు కట్టడం, దాని పక్కన చతురస్రపు గంటల స్తంభం]

బెర్లిన్‌లో క్రొయిట్స్‌బెర్గ్ అనే పేట. రంగుల అద్దాలు లేవు, చెక్కిన శిల్పాలు లేవు, గరుకు సిమెంటు పూత పూసిన పెద్ద పెద్ద గోడలే. చాలామంది దీన్ని గోడౌన్ అనుకుంటారు. కానీ ఇది కేథలిక్ చర్చిగా కట్టిన సెయింట్ ఆగ్నెస్. ఇప్పుడు ఇందులో కోనిగ్ గ్యాలరీ నడుస్తోంది.

[దృశ్యం: యుద్ధంలో కూలిన బెర్లిన్, పాత ఫొటోలు]

1945 బాంబుదాడుల్లో ఈ ప్రాంతం చాలావరకు నేలమట్టమైంది. తర్వాత ఇక్కడ కొత్త ఇళ్లు లేచాయి. వాటి మధ్య ఆర్కిటెక్ట్ వెర్నర్ డ్యూట్‌మన్ 1964 నుంచి 1967 మధ్య ఈ చర్చిని కట్టాడు. అలంకారం వదిలేసి, కట్టడం బరువునీ ఆకారాన్నీ దాచకుండా చూపించే బ్రూటలిస్ట్ పద్ధతి ఇది. ఈ శైలిని అందవికారం అని కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి లోపలికి రావాలి.

[దృశ్యం: లోపలి హాలు, కెమెరా మెల్లగా పైకి]

వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో గమనించండి. కళ్లెదుట కిటికీ లేదు. పైనుంచి, సన్నని సందుల్లోంచి పడుతుంది. గరుకు గోడ మీద ఆ వెలుగు జారుతుంటే పూతలోని ప్రతి గరుకూ కనిపిస్తుంది. డ్యూట్‌మన్ అలంకారాన్ని వదిలేశాడు కానీ వెలుతురు విషయంలో మాత్రం ఎంతో శ్రద్ధ పెట్టాడు.

చర్చిగా వాడకం ఆగిపోయాక, గ్యాలరీ యజమాని యోహాన్ కోనిగ్ దీన్ని దీర్ఘకాలిక లీజుకు తీసుకున్నాడు. మార్పుల పని ఆర్కిటెక్ట్ ఆర్నో బ్రాండ్‌ల్‌హూబర్‌ది. గ్యాలరీ 2015లో తెరుచుకుంది.

[దృశ్యం: కొత్త కాంక్రీటు అంతస్తు, కింది నుంచి]

ఇక్కడే అసలు తెలివి ఉంది. ఇది రక్షిత కట్టడం, ఇష్టమొచ్చినట్టు కొట్టి మార్చడానికి వీల్లేదు. అందుకని బ్రాండ్‌ల్‌హూబర్ హాలు మధ్యలో పెద్ద బల్ల వేసినట్టు ఒక కాంక్రీటు అంతస్తు నిలబెట్టాడు. హాలు రెండు అంతస్తులైంది. గ్యాలరీకి కావాల్సిన పనిచోటు కింద సర్దుకుంది, పైన ప్రదర్శన. ఒకప్పుడు ప్రార్థనకు వచ్చినవాళ్లు తలెత్తి చూసిన వెలుగుకి, ఇప్పుడు చూడటానికి వచ్చినవాళ్లు మరింత దగ్గరగా నిలబడతారు.

[దృశ్యం: పై అంతస్తు, భారీ శిల్పం]

మామూలు గ్యాలరీల తెల్లగోడలు బొమ్మ వెనక కనిపించకుండా తప్పుకుంటాయి. ఈ గోడలు తప్పుకోవు. చిన్న బొమ్మ ఇక్కడ తేలిపోతుంది. కళాకారులు ఈ ఎత్తుకీ బరువుకీ సరితూగే పని తేవాల్సిందే. నాకు ఈ చోటు నచ్చేది అందుకే. పాత చర్చిని మాల్‌గానో హోటల్‌గానో మార్చినప్పుడు ముందు పోయేది లోపలి ఖాళీ. ఇక్కడ అంతస్తు వేసి కూడా దాన్ని కాపాడారు.

బెర్లిన్ వెళ్తే మెట్లెక్కి పై అంతస్తుకి రండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది, గోడల తేడాలు మరింత నెమ్మదిగా తెలుస్తాయి.