పొద్దున్నే పట్టేసే కీళ్ళు: బద్ధకం కాదు, జబ్బు

గుంటూరు పెద్దలకూ అమ్మలకూ నమస్కారం.

కీళ్ళవాతంతో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది నొప్పి కన్నా ముందు ఇంట్లో పడే మాట చెబుతారు. “పొద్దున్నే లేవదు. పది దాటితే మాత్రం బాగానే తిరుగుతుంది” అంటారట. ఆ మాట అన్యాయం. ఎందుకో చెబుతాను.

ఈ కీళ్ళవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో, మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ దాడి రోజంతా ఒకే తీరుగా ఉండదు. రాత్రి పొద్దుపోయాక ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు పుట్టించే పదార్థాలు రక్తంలో పెరుగుతూ తెల్లవారుజాముకి బాగా ఎక్కువవుతాయి. వాపుని అణచాల్సిన కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రి వేళ బాగా తక్కువగా ఉండి, మనం లేచే వేళకి గానీ పూర్తిగా పెరగదు. పెరిగినా, ఈ జబ్బున్నవాళ్ళలో ఆ వాపుకి అది చాలదు. అందుకే ముగ్గు గిన్నె పట్టుకోవడానికి కూడా వేళ్ళు ముడుచుకోవు. పది గంటలకి తిరుగుతోందంటే, పొద్దున నటించిందని కాదు.

కాన్పు సంగతి కూడా చెప్పాలి. గర్భంతో ఉండగా చాలామందికి ఈ నొప్పులు తగ్గుతాయి, బిడ్డ పుట్టిన కొన్ని నెలల్లో తిరగబెడతాయి. పథ్యం తప్పిందనో, చన్నీళ్ళలో చేతులు పెట్టిందనో బాలింతని నిందించకండి. అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఈ తగ్గుదలని కూడా పట్టుకుని ఆలోచించి, 1948లో మొదటిసారి ఇలాంటి రోగికి కార్టిసాల్ లాంటిదే అయిన కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చాడు. 1950లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు.

2008లో వెలువడిన ఒక యూరప్ పరిశోధనలో, రాత్రి పదింటికి మింగితే రెండింటికి కరిగే ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి చూశారు. పొద్దుటి బిగుతు ఉండే సమయం సుమారు 23 శాతం తగ్గింది. మామూలు మాత్ర పొద్దున వేసుకున్నవారిలో దాదాపు మార్పే లేదు. అయితే అది ప్రత్యేకంగా తయారుచేసిన మాత్ర. ఇది విని మీ మాత్రల వేళ మీరే మార్చేయకండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కొనుక్కోకండి. చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే సొంతంగా కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి అప్పటికి మందగించి ఉంటుంది.

లేచినప్పటి నుంచి వేళ్ళు వదులయ్యేదాకా ఎంతసేపు పడుతోందో కొన్నాళ్ళు కాగితం మీద రాయండి. అరిగిన కీళ్ళ బిగుతు మామూలుగా అరగంటలోపు వదులుతుంది. గంట దాటుతుంటే ఆ కాగితం తీసుకుని రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో మగవాళ్ళు ఆ గంటసేపూ పొయ్యి దగ్గరి పని అందుకోండి.