స్ప్లెండర్ పిస్టన్ కిట్ ఇంట్లోనే వేశాను: రింగు గ్యాప్ కొలవకుండా బిగించకండి

నమస్కారం అండీ. టేబుల్ మీద ఉన్నది మా నాన్నగారి పాత స్ప్లెండర్ ఇంజన్. 97.2 సీసీ, బోరు (పిస్టన్ ఆడే గొట్టం లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5. పక్కన ఈ అట్టపెట్టెలో ఉన్నది కొత్త పిస్టన్ కిట్, అంటే పిస్టన్, దాని చుట్టూ కూర్చునే రింగులు, పిన్ను, లాకులు. కంపెనీ పేరు మీద టేపు నేనే అంటించాను. ఎవరో డబ్బులిస్తే చేస్తున్నానని అనుకుంటారు కదా, అందుకని. నా డబ్బుతోనే కొన్నాను.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. ఈ పని నాకు రెండోసారి. రెండేళ్ల కిందట ఇదే బండికి రింగులు మార్చాను. 200 కిలోమీటర్లు తిరగకముందే మళ్ళీ నీలం పొగ. విప్పి చూస్తే, ఆయిల్ రింగు లోపలి ముడతల రేకు కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రింగు తప్పేం లేదు, నాదే ఆత్రం. అది సరిచేసి బిగించేశాను గానీ బోరు ఎంత అరిగిందో అప్పుడూ కొలవలేదు. మళ్ళీ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

నీలం పొగ వస్తే తప్పు రింగులదేనని ఎలా చెప్పాలి అని చాలామంది అడుగుతుంటారు. ప్లగ్ తీసి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకునే గాలి ఒత్తిడి, కొలవండి. తర్వాత ఆ కన్నంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, కంప్రెషన్ మళ్ళీ చూడండి. ముందుకంటే బాగా పెరిగితే రింగులో, బోరో. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి.

ఈసారి బ్లాకు, అంటే బోరు ఉండే సిలిండర్ భాగం, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి తీసుకెళ్లాను. బోరు గుండ్రంగా లేదు, అరిగి కోలగా తయారైంది. 0.25 మిల్లీమీటర్లు పెద్దదైన (ఓవర్‌సైజ్) పిస్టన్ తెమ్మన్నారు. ఇక్కడ వరస ముఖ్యమండీ. ముందు పిస్టన్ కొనాలి, తర్వాతే బోరు కొట్టించాలి. పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోస్తారు. రెండింటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది, కంటితో తేలేది కాదు.

ఇంటికి తెచ్చాక బ్లాకును వేడినీళ్లు, సబ్బు పెట్టి బ్రష్‌తో తోమాను. ఒక్క పెట్రోల్‌తో కడిగితే హోనింగ్ (బోరు లోపల సన్నని గీతలు పడేలా రాయితో రుద్దడం) రజను ఆ గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లబట్టతో తుడిస్తే బట్ట తెల్లగానే రావాలి. నాకు నాలుగోసారికి వచ్చింది. వెంటనే ఆయిల్ పూయండి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది.

ఇక కిట్ సంగతి. పిస్టన్ ఫినిషింగ్ బాగుంది, రింగులు కూర్చునే గాళ్లలో కరుకు అంచులు లేవు. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్నుకు ఆయిల్ రాసి బొటనవేలితో తోస్తే మెత్తగా దూరింది. పిన్ను జారకుండా పట్టే లాకులు రెండూ గట్టిగా ఉన్నాయి. నచ్చనిది లోపలి కాగితం. ఏ రింగు ఏ గాడిలోకో బొమ్మ కూడా లేదు. మొదటిసారి చేసేవాళ్లకు ఇది టెన్షనే.

అసలు పరీక్ష ఇది, కెమెరా దగ్గరికి తెస్తాను. పై రింగును ఒంటిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో కిందికి తోశాను. అప్పుడే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. కొసల మధ్య ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న సన్నని రేకుల కట్ట) రేకు పెట్టాను. 0.20 మిల్లీమీటర్ల రేకు దూరింది, 0.25 దూరలేదు. ఈ సైజు బోరుకు అది చక్కటి గ్యాప్. రెండో రింగు దగ్గర మాత్రం 0.10 రేకు కూడా దూరలేదు! ఇలాగే వేసుంటే, ఇంజన్ వేడెక్కి రింగు సాగినప్పుడు కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుని బోరు గీసుకుపోయేది. సన్నని ఆకురాయితో, బయటి అంచు నుంచి లోపలికి మాత్రమే, మూడు నాలుగుసార్లు రుద్దడం, మళ్ళీ కొలవడం. 0.20కి వచ్చేసరికి అరగంట పట్టింది. ఇందుకు కిట్‌కు మార్కులు తగ్గిస్తున్నాను. కానీ కొలవనివాడికి ఏ కిట్ అయినా ఒకటే కదా.

వేసేటప్పుడు ముందు ఆయిల్ రింగు. ముడతల రేకు కొసలు ఎదురెదురుగా తగలాలి, ఎక్కకూడదు. నా పాత తప్పు ఇక్కడే, అందుకే టార్చి వేసి రెండుసార్లు చూశాను. దాని పైనా కిందా రెండు పల్చటి పట్టీలు. తర్వాత రెండో రింగు, ఆఖరున పై రింగు. అక్షరం గుర్తు ఉన్న ముఖం పైకి రావాలి. రింగును అవసరానికి మించి విడదీయకండి, పుటుక్కున విరుగుతుంది. గ్యాపులన్నీ ఒకే వరసలోకి రాకుండా 120 డిగ్రీల దూరంలో తిప్పుకోండి.

పిస్టన్ తల మీద 'ఇన్' అని ఉన్న వైపు కార్బురేటర్ వైపుకు. లాకులు పెట్టేముందు క్రాంక్‌కేసు (ఇంజన్ కింది పెట్టె) నోట్లో గుడ్డ కుక్కండి. లాకు లోపల పడితే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. పాత లాకులు మళ్ళీ వాడొద్దు.

బ్లాకు దించడానికి ప్రత్యేక పనిముట్టు కొనలేదు. బోరు కింది అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, రింగులను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కుతూ పోతే చాలు. ఎక్కడైనా ఆగిందంటే సుత్తి తీసుకోకండి, వెనక్కి లాగి మళ్ళీ చూడండి. నాకు ఆయిల్ రింగు దగ్గర ఆగింది, పల్చటి పట్టీ కొస బయటికి పొడుచుకొచ్చింది. ప్యాకింగులు కొత్తవి వేసి, వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా టైమింగ్ గుర్తులు కలిపి, హెడ్ నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను.

ఆరో కిక్కుకు స్టార్ట్ అయింది. బోరుకు పూసిన ఆయిల్ కాలి మొదటి రెండు నిమిషాలు పొగ వచ్చింది, కంగారు పడక్కర్లేదు. ఇప్పటికి 340 కిలోమీటర్లు తిరిగాను, ఒకే స్పీడులో పట్టుకోకుండా, థ్రాటిల్ మారుస్తూ. ఆయిల్ పుల్ల మీద గీత నిన్న కూడా పైగుర్తు దగ్గరే ఉంది. 500 దాటాక ఆయిల్ మార్చి, ప్లగ్ విప్పి దాని రంగు మీకు చూపిస్తాను.