"పిలిస్తే పలకడం లేదండీ": ఫోన్-ఇన్‌లో ఒక అమ్మ, ఒక డాక్టర్

యాంకర్: లైన్‌లో ఉన్నారా అమ్మా? చెప్పండి.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకి 13 ఏళ్లు, ఆటిజం ఉంది. బాగానే మాట్లాడతాడండీ. కానీ ఈమధ్య బడి నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకుంటాడు, పిలిస్తే పలకడు, ఏమైందిరా అని ఎంత అడిగినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇప్పుడూ అలాగే ఉన్నాడు. వాళ్ల నాన్న మొండితనం అంటారు. నిన్న చెయ్యి పట్టుకుని లేపబోతే వాడు బిగుసుకుపోయాడు, నాకు చాలా భయమేసింది.

డాక్టర్: మొండితనం కాదమ్మా. దీన్ని షట్‌డౌన్ అంటారు. మెల్ట్‌డౌన్‌లో అరుపులు, ఏడుపు ఉంటాయి కాబట్టి అందరికీ తెలుస్తుంది, ఇందులో పిల్లాడు లోపలికి ముడుచుకుపోతాడు, అంతే తేడా. భారం తట్టుకోలేకే రెండూ వస్తాయి.

కాలర్: బడిలో బాగానే ఉంటాడని టీచర్లు చెప్తున్నారు మరి. చప్పుడు, వెలుతురు పడవంటే వాళ్ల నాన్న సాకులంటారు.

డాక్టర్: సాకులు కావు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక, ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలో, వీటిని ఆటిజం లక్షణాల్లోనే చేర్చారు. బడిలో గోల, వెలుతురు, అందరిలా కనిపించాలన్న తాపత్రయం, అన్నీ రోజంతా ఓర్చుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో ఇక నటించక్కర్లేదు, అప్పుడు కూలబడతాడు.

కాలర్: మా మాటలు వినపడతాయా?

డాక్టర్: చాలామందికి వినపడతాయి. జవాబు మనసులో ఉంది, నోటిదాకా రాలేదు అని తర్వాత వాళ్లే చెప్తారు. అందుకే అతని పక్కన నిలబడి అతని గురించి మాట్లాడుకోకండి, దయచేసి. ప్రశ్నలు ఆపేయండి, మనం అడిగే ప్రతి ప్రశ్నా ఇంకో బరువే. "పక్క గదిలో ఉన్నాను, ఏమీ చెప్పక్కర్లేదు" అని ఒక్కసారి మెల్లగా చెప్పి, మంచినీళ్లు పెట్టి వచ్చేయండి. ముట్టుకోవద్దు. బరువైన దుప్పటి కొందరికి హాయిగా ఉంటుంది, కొందరు అస్సలు భరించలేరు, అది బాబు బాగున్నప్పుడు అడిగి తెలుసుకోవాలి. మాట రానప్పుడు చూపించడానికి "నీళ్లు", "ఒంటరిగా ఉండనివ్వండి" అని రాసిన కార్డులు కూడా అప్పుడే కలిసి తయారుచేసుకోండి.

కాలర్: ఎంతసేపు ఉంటుందండీ?

డాక్టర్: కొందరికి నిమిషాలు, కొందరికి గంటలు. తేరుకున్నాక కూడా నీరసం ఉంటుంది, వెంటనే హోంవర్క్ అనొద్దు. బడి అవగానే ట్యూషన్ ఉందా?

కాలర్: ఉందండీ, నేరుగా అక్కడికే.

డాక్టర్: ముందు దాన్ని మార్చండి. మధ్యలో గంటైనా నిశ్శబ్దం కావాలి. ఒక్క జాగ్రత్త: ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి అది పదేపదే జరిగినా, తిండీ నీళ్లూ మానేసినా, ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోయినా షట్‌డౌనే అనుకుని ఊరుకోవద్దు, న్యూరాలజిస్ట్‌కి చూపించండి. అవి వేరే సమస్యలు కావచ్చు.

కాలర్: అలాంటివేం లేవండీ. కానీ... వాడి గదిలో ట్యూబ్‌లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. టీవీ కూడా.

డాక్టర్: మనం తర్వాత మాట్లాడుకుందాం. ఫోన్ పెట్టేసి వెళ్లి ఆపేయండమ్మా.