వారానికో రాత్రి, అందరికీ ఒకే తెర

శ్రోతలకు నమస్కారం.

వారంలో ఒక రాత్రి ఇంట్లో అందరూ కలిసి సినిమా చూడటం గురించి ఈ పూట మాట్లాడతాను. తాగేవాళ్లకు ఓ గ్లాసు వైన్, చేతికందే దూరంలో కాసిన్ని చిరుతిళ్లు, ఎదురుగా సినిమా. అంతే. కానీ ఈ అలవాటు మా ఇంట్లో నిలబడటానికి చాలా వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పేముందు ఒక పాత సంగతి చెప్పాలి.

1890ల మొదట్లో ఎడిసన్ ప్రయోగశాలలో కినెటోస్కోప్ అనే యంత్రం తయారైంది. అదొక చెక్క పెట్టె. పైన చిన్న కన్నం. వంగి అందులోకి కన్ను పెట్టి చూస్తే లోపల బొమ్మలు కదిలేవి. ఒకసారికి ఒక్కరే చూడాలి. పక్కవాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి, తెర మీద పది చిన్న చిత్రాలు వేసి చూపించారు. ఒక్కోటి నిమిషం లోపే. చాలామంది ఆ తేదీనే సినిమా పుట్టినరోజు అంటారు. బొమ్మ కదలడం అప్పటికే వచ్చేసింది కదా, మరి ఆ రోజు కొత్తగా వచ్చిందేమిటి? డబ్బిచ్చి వచ్చినవాళ్లంతా పక్కపక్కన కూర్చుని, ఒకే బొమ్మను ఒకే క్షణంలో చూడటం. సినిమా అంటే అది.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. ఒకరు నవ్వితే ఎందుకు నవ్వారో పక్కవాళ్లకు తెలియదు. ఆ చెక్క పెట్టెనే చిన్నది చేసి జేబులో పెట్టుకున్నాం. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే వారానికి ఒక్క రాత్రయినా ఆ పెట్టెలు పక్కన పెట్టి, ఒకే తెర ముందు కూర్చుందామని అనుకున్నాం.

మొదట్లో కూర్చోవడమైతే కూర్చున్నాం. కానీ ఏ సినిమా చూడాలో తేలేది కాదు. రిమోట్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి వెళ్లేది, పోస్టర్లు జరుగుతూనే ఉండేవి. ముప్పావుగంట గడిచేసరికి ఎవరికీ ఇష్టం లేని, ఎవరికీ అభ్యంతరం లేని సినిమా ఒకటి మొదలయ్యేది. సగంలో ఇద్దరు నిద్రపోయేవాళ్లు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. వారానికొకరి వంతు. ఎవరి వంతైతే వాళ్లదే మాట. రెండు రోజుల ముందే పేరు చెప్పాలి, మిగతావాళ్లు కాదనకూడదు. మా ఇంట్లో ఈ అలవాటు నిలబడిందంటే ఈ ఒక్క పద్ధతి వల్లే. నేనైతే ఎప్పటికీ ఎంచుకోని సినిమాలు చూశాను. వాటిలో కొన్ని నచ్చలేదు. కానీ అవి ఎంచుకున్న మనిషి గురించి ఏదో ఒకటి కొత్తగా తెలిసింది.

ఇక టీవీ. కొన్ని టీవీల్లో సినిమా పెడితే మనుషుల కదలిక మరీ నున్నగా, ఏదో సీరియల్ షూటింగ్ పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. మీరూ గమనించే ఉంటారు. చాలా సినిమాలను సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. టీవీ ఆ ఫ్రేముల మధ్య తన సొంత ఫ్రేములు తయారుచేసి ఇరికిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ మోషన్ స్మూతింగ్‌ను ఆపేయండి. ఒక్కసారి చేస్తే చాలు, తేడా ఆ రాత్రే కనిపిస్తుంది. గదిలో దీపాలన్నీ ఆర్పనక్కర్లేదు. టీవీ వెనక చిన్న లైటు ఒకటి గోడ మీద పడేలా ఉంచితే కళ్లకు హాయిగా ఉంటుంది, గ్లాసు ఎక్కడుందో కూడా కనిపిస్తుంది.

వైన్ దగ్గరికి వద్దాం. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకు 150 చొప్పున అయిదు గ్లాసులు. రెండు గంటల సినిమాకు మనిషికి ఒక గ్లాసు చాలు. రెండో గ్లాసు తర్వాత కథలో చిన్న చిన్న మలుపులు జారిపోతాయి, నిద్ర ముంచుకొస్తుంది. పైగా ఆల్కహాల్‌కు ఫలానా మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. అందుకే తాగనివాళ్లను బలవంతం చేయడం నాకు అస్సలు నచ్చదు. పిల్లలకూ తాగనివాళ్లకూ ద్రాక్షరసం అలాంటి గ్లాసులోనే పోసిస్తాం. సినిమా అయ్యాక బండి నడపాల్సినవాళ్లకూ అదే.

తాగేవాళ్లు మాత్రం దాన్ని రుచి తెలిసేలా తాగాలి. ఎర్ర వైన్‌ను గది వేడిలో ఉంచి తాగాలని చాలామంది అంటారు. వెచ్చని గదిలో అలా ఉంచితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. దానికి 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది కాబట్టి, సినిమాకు ముందు ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్ల వైన్‌కు 8 నుంచి 12 డిగ్రీలు చాలు. మరీ చల్లగా ఉంటే వాసన విప్పారదు. గ్లాసు నిండా పోయకండి. మూడో వంతు పోస్తే పైన ఖాళీలో పరిమళం నిలుస్తుంది.

ఎర్ర వైన్ తాగగానే నాలుక పట్టేసినట్టు వగరుగా ఉంటుంది కదా, అది ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్లు అనే పదార్థాల వల్ల. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. అందుకే పక్కన చీజ్ ముక్క ఉంటే ఆ వగరు మెత్తబడుతుంది. వేయించిన గింజల మీది ఉప్పు కూడా చేదును తగ్గిస్తుంది. వెన్న పాప్‌కార్న్‌కు మాత్రం తెల్ల వైనే జోడీ, ముఖ్యంగా షార్డొనే అనే ద్రాక్షతో చేసిన కొన్ని రకాలు. వెన్నకు ఆ వాసననిచ్చే డయాసిటైల్ అనే పదార్థమే ఈ వైన్లు తయారయ్యేటప్పుడూ పుడుతుంది. ఆ సంగతి తెలిశాక మళ్లీ వాసన చూశాను, నిజంగానే రెండింటిలోనూ వెన్న ఉంది! కారంగా ఉండేవి వైన్ పక్కన వద్దు. ఆల్కహాల్ తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. బాగా తియ్యనివీ కుదరవు, వాటి తర్వాత వైన్ పుల్లగా తోస్తుంది.

ఇంకొక్క మాట. ప్యాకెట్లు తెర ముందుకు తేవద్దు. నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో ఆ కరకర చప్పుడు మాటలన్నిటినీ మింగేస్తుంది. ముందే గిన్నెల్లో పోసి, మనిషికో చిన్న గిన్నె ఇవ్వండి. తెర మీద చూపున్నప్పుడు చెయ్యి ఎంత తిన్నదో మనకు తెలియదు, గిన్నె ఖాళీ అయితేనే తెలుస్తుంది.

సినిమా అయ్యాక ఏం చేస్తామో చెప్పనివ్వండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. దానంతటదే ఇంకో సినిమా మొదలుపెట్టే ఆటోప్లేను ఆపేశాం. పేర్లు చివరిదాకా నడుస్తాయి. లైటు వేయం. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత, సినిమాను ఎంచుకున్న మనిషే మొదట నోరు విప్పాలి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. కొన్ని రాత్రులు రెండు మాటలతో అయిపోతుంది. ఒక రాత్రి మాత్రం మా నాన్నగారు, తాను ఆ సినిమాను యువకుడిగా ఉన్నప్పుడు ఎవరితో కలిసి చూశారో చెప్పడం మొదలుపెట్టారు. ఆ స్నేహితుడి పేరు మా ఇంట్లో అంతకుముందు ఎవరమూ వినలేదు. సీసాలో మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేసరికి కూడా ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.

వచ్చే వారం మా చిన్నమ్మాయి వంతు. పేరు కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. గురువారం దాకా విప్పకూడదట.

నమస్కారం.