నల్ల తీగ వేరు, పచ్చ తీగ వేరు

నమస్కారం. సాకెట్టు వెనుక నల్ల తీగకూ పచ్చ తీగకూ నడుమ ఒక చిన్న తీగముక్క బిగించి, "రెండూ చివరికి భూమిలోకే కదా పోయేది" అనే మాట నెల్లూరు చుట్టుపక్కల ఊళ్ళలో వినీ వినీ విసిగిపోయి ఈ వీడియో చేస్తున్నాను.

మన చెరువునే తీసుకుందాం. తూములోంచి మడికి వచ్చే నీరు ఫేజు. మడి తడిపిన నీరు రోజూ వెళ్ళిపోయే మురుగు కాలువ న్యూట్రల్, అంటే నల్ల తీగ. చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే కలుజు కింది వాగు ఎర్త్, అంటే పచ్చ తీగ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, గొర్రెలు మేస్తూ, పిల్లలు ఆడుకుంటూ ఉండే ఆ వాగు పనికిరానిదేమీ కాదు. ఆపద వచ్చిన రోజు కోసం ఖాళీగా ఉండటమే దాని పని. మీ ఫ్రిజ్ ఇనుప ఒళ్ళు ఆ వాగులోనే నిలబడి ఉంది.

ఇప్పుడు తీగముక్కతో మురుగు కాలువను వాగుకు కలిపారు. ఎర్త్ తీగను భూమిలోకి దింపే గుంతే తవ్వని ఇంట్లో, సాకెట్టుకు ముందు ఎక్కడో న్యూట్రల్ తెగిందనుకోండి. పోవడానికి వేరే దారి లేని 230 వోల్టులు, ఆన్‌లో ఉన్న ఫ్రిజ్ లోపలి మోటారు గుండా వచ్చి, ఆ ముక్క మీదుగా దాని తలుపు పిడి దాకా చేరతాయి. బోర్డులో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఏ తీగా తెగనక్కరలేదు, ఫ్రిజ్ ఆన్‌లో ఉండనక్కరలేదు.

న్యూట్రల్ పోయిన రాత్రి ఎర్త్ నుంచే న్యూట్రల్ లాగి దీపాలు వెలిగించడాన్ని నేర్పరితనంగా చెప్పుకునేవారూ ఉన్నారు. నాకది వాగులో పడుకున్నవాళ్ళ మీదికి నీరు వదలడంలాగే కనిపిస్తుంది. గుంత నిరోధం 50 ఓములు ఉన్న ఇంట్లో అలా 1000 వాట్ల ఇస్త్రీపెట్టె వాడితే, ఎర్త్‌కు కలిసిన ప్రతి వస్తువు ఒంటిమీదా దాదాపు 112 వోల్టులు నిలుస్తాయి.

సమయం మించుతోంది కనుక మిగిలినది త్వరగా చెబుతాను. చీమకుర్తి వంటి రాతినేలల్లో గుంత ఒక్కటే చాలదు: నిరోధం 10 ఓములున్నా ఫేజు వస్తువు ఇనుప ఒంటికి తగిలినప్పుడు పారేది 23 ఆంపియర్లే, దానికి 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్) వెంటనే పడిపోదు. అందుకే, కరెంటు దారి తప్పితే ఆపేసే స్విచ్ అయిన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. అది తూములో వెళ్ళిన నీటినీ మురుగు కాలువలో తిరిగొచ్చిన నీటినీ సరిపోల్చి, తేడా వస్తే తలుపు మూస్తుంది. దాని తరువాత ఎక్కడైనా నల్ల, పచ్చ తీగలు కలిసి ఉంటే అది మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు పీకి పారేయవలసింది ఆర్‌సీసీబీని కాదు, ఆ తీగముక్కను.