పరాన్నజీవుల మందులు: చెవిలో హోరు, తల తిరుగుడు

(తెరపై: సింకోనా బెరడు, పక్కన మాత్రలు)

మలేరియాకు క్వినైన్ వాడుతున్న రోగి రెండు మూడు రోజులకే చెవుల్లో హోరుగా ఉందనీ, ఎదుటివారి మాట మందగించి వినబడుతోందనీ, లేచి నిలబడితే తల తిరుగుతోందనీ చెబితే అనుభవజ్ఞుడైన వైద్యుడు ఆశ్చర్యపోడు. 1820లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్తలు పెల్టియే, కావెంటూ క్వినైన్‌ను వేరుచేసింది సింకోనా బెరడు నుంచే కనుక ఈ లక్షణాలకు సింకోనిజం అనే పేరు స్థిరపడింది.

(తెరపై: లోపలి చెవి, రోమకణాలు)

లోపలి చెవిలోని వెలుపలి వరుస రోమకణాలు సాగుతూ, కుంచించుకుంటూ చిన్న శబ్దాలను పెద్దవి చేస్తాయి. క్వినైన్ ఆ కదలికను మందగింపజేస్తుందే తప్ప సాధారణంగా ఆ కణాలను చంపదు కాబట్టి, మందు ఆపాక చాలామందికి వినికిడి తిరిగి వస్తుంది.

పారోమోమైసిన్ తీరు వేరు. పరాన్నజీవి వల్ల వచ్చే కాలా అజార్ అనే జ్వరానికి 21 రోజుల పాటు ఇంజెక్షన్‌గా ఇచ్చే ఈ మందు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబానికి చెందినది. ఈ కుటుంబపు మందులు రోమకణాల్లోకి చొరబడి వాటిని చంపగలవు, చచ్చిన కణాలు మనిషిలో మళ్లీ మొలవవు. ఆ చికిత్సలో కనిపించిన మార్పులు ఎక్కువగా స్వల్పమైనవే అయినా, నష్టం మొదట అతి కీచు శబ్దాల దగ్గర మొదలవుతుంది గనుక మామూలు సంభాషణలో రోగికి తెలియదు, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలోనే బయటపడుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ.

మలేరియాకే వాడే మెఫ్లోక్విన్ విషయంలో తల తిరుగుడు, చెవిలో హోరు మందు ఆపాక కూడా నెలల తరబడి ఉండవచ్చనీ, శాశ్వతం కావచ్చనీ 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టె గీసి మరీ హెచ్చరిక చేర్చింది.

(తెరపై: చిన్నమెదడు)

తూలడమంతా చెవి తప్పు కాదు. అమీబియాసిస్‌కు వాడే మెట్రోనిడజోల్‌ను దీర్ఘకాలం తీసుకున్నప్పుడు అరుదుగా చిన్నమెదడు దెబ్బతిని నడక తడబడుతుంది. ప్రాజిక్వాంటెల్ వంటి బద్దెపురుగుల మందులతో వచ్చే తల తిరుగుడు చాలావరకు త్వరగానే తగ్గిపోతుంది.

క్వినైన్ రక్తంలో చక్కెరను కూడా పడగొడుతుంది, అందువల్లా కళ్లు తిరుగుతాయి. కనుక రోగి తల తిరుగుతోందన్నప్పుడు చెవి పరీక్షకన్నా ముందు చక్కెర చూడాలి. రోగి మాత్రం వైద్యుడిని అడగకుండా మందు ఆపకూడదు, ఎందుకంటే చికిత్స సగంలో వదిలేస్తే ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా ప్రాణాలు తీయగలదు.