మూడో బేస్ దగ్గరికి ఎవరూ పంపని కోచ్

వేదిక మీది పెద్దలకూ, పొద్దుట్నుంచీ ఎండలో నిలబడి పిల్లల ఆటలు చూసిన తల్లిదండ్రులకూ నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ భోజనాల వేళ దాటిపోతోంది.

నన్ను బేస్‌బాల్ కోచ్‌ల జీవితాల గురించి మాట్లాడమన్నారు. నలుగురైదుగురి గురించి రాసుకొచ్చాను. కానీ మనం కాన్సస్ సిటీలో ఉన్నాం. ఈ ఊళ్లో బక్ ఓనీల్‌ని దాటి ఇంకొకరి దగ్గరికి వెళ్లడానికి నాకు మనసొప్పదు.

1911లో ఫ్లోరిడాలో పుట్టాడు. చిన్నప్పుడు సెలరీ తోటల్లో కూలిపని చేశాడు. నల్లపిల్లాడని సారసోటా హైస్కూల్లో చేర్చుకోలేదు. తెల్లవాళ్ల జట్లలోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్లకి నీగ్రో లీగ్స్ అని వేరే పోటీలుండేవి. 1938లో వాటిలో ఆడే ఇక్కడి మోనార్క్స్ జట్టుకి వచ్చాడు, 1948లో దానికే మేనేజర్, అంటే ఆట నడిపించే పెద్ద అయ్యాడు. తర్వాత చికాగో కబ్స్ జట్టుకి స్కౌట్‌గా, అంటే కొత్త ఆటగాళ్లని వెతికేవాడిగా వెళ్లి లూ బ్రాక్ లాంటి గొప్ప ఆటగాణ్ణి పట్టుకొచ్చాడు. 1962లో కబ్స్ ఆయన్ని కోచ్‌గా తీసుకుంది. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన మేజర్ లీగ్‌లో మొట్టమొదటి నల్లజాతి కోచ్ ఆయనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. క్రికెట్‌లో కోచ్ గీత బయటే కూర్చుంటాడు కదా. బేస్‌బాల్‌లో ఇద్దరు కోచ్‌లు మైదానంలోకి వచ్చి నిలబడతారు. మూడో బేస్ దగ్గరుండే ఆయన టోపీ ముట్టుకుంటాడు, మోచెయ్యి తుడుచుకుంటాడు, బెల్టు తడుముకుంటాడు. అన్నీ సైగలే. పరిగెత్తుకొచ్చేవాడికి వెనక బంతి ఎక్కడుందో తెలీదు. కోచ్ రెండు చేతులూ ఎత్తితే ఆగిపోవాలి, చెయ్యి గిరగిరా తిప్పితే పరుగు పూర్తయ్యే హోమ్‌ప్లేట్‌కి ఉరకాలి.

ఓనీల్‌ని అక్కడ నిలబడనివ్వలేదండీ! ఒక ఆటలో హెడ్ కోచ్‌నీ, ఆయన తర్వాత మూడో బేస్ దగ్గరికి వెళ్లిన కోచ్‌నీ అంపైర్లు బయటికి పంపేశారు. జట్టు కూర్చునే డగౌట్‌లో ఓనీల్ ఉన్నాడు. ఆయన్ని పంపకుండా ఎక్కడో బంతి విసిరేవాళ్లు సాధన చేసే బుల్‌పెన్‌లో ఉన్న పిచింగ్ కోచ్‌ని పిలిపించారు. ఆ రోజుల్లో కబ్స్ ఓనర్ రిగ్లీ మేనేజర్ పదవే తీసేసి, కోచ్‌లని వంతులవారీగా హెడ్ కోచ్‌లుగా పెట్టేవాడు. ఓనీల్‌కి ఆ వంతూ రాలేదు. మోనార్క్స్‌ని ఏళ్ల తరబడి నడిపిన మనిషికి! ఆ ఏడాది కబ్స్ 103 ఆటలు ఓడింది.

2006లో నీగ్రో లీగ్స్ వాళ్లనీ, అంతకు ముందు కాలం వాళ్లనీ కలిపి 17 మందిని బేస్‌బాల్ మహామహుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేశారు. అందులో ఓనీల్ లేడు. అయినా ఆ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌కి వెళ్లి వాళ్ల తరఫున మాట్లాడి, అందరిచేతా చేతులు కలిపించి పాట పాడించాడు. అప్పటికి 94 ఏళ్లు. ఆ అక్టోబర్‌లోనే పోయాడు. ఆయన్ని చేర్చుకున్నది 2022లో. ఆయన క్షమించాడు కదా అని మనం మర్చిపోవాలా? నేనొప్పుకోను.

అమ్మా, మీ పిల్లలకి ఇక్కడి లిటిల్ లీగ్‌లో కోచ్‌లు ఉన్నారు. మీలో కొందరు నాన్నలే కోచ్‌లు. 18వ వీధీ, వైన్ వీధీ కలిసేచోట నీగ్రో లీగ్స్ మ్యూజియం ఉంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఓనీల్ ఒకడు. లోపల మైదానంలో ఆటగాళ్ల కంచు విగ్రహాలు, ముందు కోళ్లగూటికి కట్టే తీగవల, దాని పక్కనే ఆట చూస్తున్న ఓనీల్ విగ్రహం. కథంతా చదువుకుంటూ చుట్టూ తిరిగి వస్తేగానీ మైదానంలో అడుగుపెట్టలేం.

వచ్చే శనివారం వెళ్దాం. బహుమతులు అందుకున్నాక పిల్లల పేర్లు నాకు రాసివ్వండి. కార్లలో చోటున్నవాళ్లు అది కూడా చెప్పండి.